బోర్డు చేతికి రావాలంటే

అందరికీ నమస్కారం. ఔత్సాహికుల రాకెట్ తొలిసారి అంతరిక్షపు అంచు దాటింది 2004 మే 17న, నెవాడాలోని బ్లాక్ రాక్ ఎడారి నుంచి. 2019లో న్యూ మెక్సికోలో యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) విద్యార్థులు ట్రావెలర్ 4 అనే రాకెట్ ఎగరేశారు. అది చేరిన ఎత్తు 3,39,800 అడుగులు, అటూ ఇటూ 16,500 అని వాళ్లు లెక్క తేల్చగలిగింది రాకెట్‌లోని ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే ఫ్లైట్ కంప్యూటర్, రికార్డు చేసిన డేటాతోనే. మనమూ అందుకే మన రాకెట్ లోపలి సరుకు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

అన్నిటికన్నా నాకు భయం బ్యాటరీ హోల్డరే. ఇంజిన్ అంటుకోగానే వచ్చే తోపుడుకి స్ప్రింగ్ నొక్కుకుపోతుంది, కాంటాక్ట్ క్షణకాలం వదిలినా ఫ్లైట్ కంప్యూటర్ రీసెట్ అయిపోతుంది. దయచేసి స్ప్రింగ్ హోల్డర్లు వాడకండి. వైర్లు టంకం వేసి, బ్యాటరీని జిప్ టైలతో బిగించండి. మెమరీ కార్డు కూడా ఊడొస్తుంది, డేటాను బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లోనూ రాయించండి.

యాంటెన్నా ఉన్నచోట రాకెట్ బాడీ ఫైబర్‌గ్లాస్‌దే అయ్యుండాలి, కార్బన్ ఫైబర్ సిగ్నల్‌ని బయటికి రానివ్వదు. మామూలు జీపీఎస్ మాడ్యూళ్లు చాలావరకు 18 కిలోమీటర్ల ఎత్తు, సెకనుకు 515 మీటర్ల వేగం దాటాక లొకేషన్ ఇవ్వవు. కిందికి దిగేటప్పుడు మళ్లీ అందుకుంటాయి, ఈలోపు టెన్షన్ పడకండి. పలచటి గాలిలో బ్లాక్ పౌడర్ (తుపాకీ మందు) సరిగా మండదు కాబట్టి పారాచూట్ ఛార్జీని, అంటే పారాచూట్‌ని బయటికి తోసే ఆ మందుని, గాలి చొరని గొట్టంలో సీల్ చేయాలి.

దిగిన రాకెట్ కనబడగానే ఎవరూ పరుగెత్తి నోస్ కోన్ (రాకెట్ ముక్కు) లాగొద్దు. పేలని ఛార్జీ ఉండొచ్చు. ఛార్జీని పేలడానికి సిద్ధంగా ఉంచే ఆర్మింగ్ స్విచ్ ఆపిన తర్వాతే చెయ్యి వేయండి.