గానుగెద్దుకు గంతలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జాతీయాల శీర్షిక కింద ‘గానుగెద్దు’ గురించి వేశారు. ఎంత తిరిగినా ఫలితం లేని చాకిరీ చేసేవాణ్ణి గానుగెద్దు అంటారట. తాను ఎక్కడికీ పోవడం లేదని ఎద్దుకు తెలియకుండా మోసం చెయ్యడానికే దాని కళ్లకు గంతలు కడతారట. పక్కన వేసిన ఫొటో చూస్తే చెరుకు గానుగది. జోడెద్దులు, బెల్లం పెనం, పొగ. ఒకప్పుడు అనకాపల్లి వైపు కనిపించిన గానుగ అది. మా వైపు నూనె గానుగంటే రోలు, రోకలి, దాన్ని తిప్పడానికి ఒకే ఒక్క ఎద్దు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. గానుగాడి నూనె తీసే తెలికల ఇల్లు. నా చిన్నప్పుడు మా తాత గానుగ ఇంకా ఆడుతూనే ఉండేది. నువ్వులు పోసి, కాసిన్ని నీళ్లు చిలకరించి, చిన్న బెల్లం ముక్క వేసేవాడు. నీళ్లు పడకపోతే పిండిలోంచి నూనె విడిపడదు. ఆ నీళ్లెంతో తాత చేతికే తెలుసు, అడిగితే చెప్పలేకపోయేవాడు. అసలు నూనె అన్న మాటే నువ్వుల నెయ్యి. ఇప్పుడు పామాయిలునీ నూనే అంటున్నాం, అది వేరే సంగతి.

రోకలికి కట్టిన పలక మీద బరువు కోసం రాళ్లు పెట్టేవారు. సెలవు రోజుల్లో రాళ్లు తీసేసి పిల్లలం మమ్మల్ని కూర్చోబెట్టేవారు. నేను మొదటిసారి ఎక్కినప్పుడు భలే సరదాగా ఉంది. ఇరవై చుట్లు తిరిగేసరికి గోడ, తలుపు, మా నాయనమ్మ, నీళ్ల కుండ అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయాయి. దిగీదిగగానే పొద్దున తిన్న చద్దన్నం అంతా కక్కేశాను. తాత నవ్వి, ‘ఎద్దుకి గంతలెందుకు కట్టానో ఇప్పుడు తెలిసిందేట్రా?’ అన్నాడు.

ఎద్దుకు కళ్లు తిరక్కుండా ఉండాలని గంతలు కడతారు. రోట్లో నువ్వుల మీద మూతి పెట్టకుండా ఉండాలన్నది రెండో కారణం. మా ఇంట్లో గంతలు పాత గోనెసంచి ముక్కతో నాయనమ్మ కుట్టినవి. లోపలి వైపు తన పాత చీర గుడ్డ మెత్తగా వేసి కుట్టేది, ఎద్దు రెప్పలు ఒరుసుకుపోకూడదని. మోసం చేసేవాడికి అంత కుట్టుపని దేనికండీ? ‘కళ్లకు గంతలు కట్టడం’ అంటే మోసగించడమని వేరే జాతీయం ఉంది. మీ శీర్షికలో దాన్ని తెచ్చి దీనికి అంటుకట్టినట్టున్నారు.

ఇక ఫలితం లేని చాకిరీ అన్న మాట. పలక మీద కూర్చుని నేను చుట్లు లెక్కపెట్టేవాణ్ణి. నిమిషానికి రెండున్నర. రెండు గంటలకు ఒక వాయి దిగేది. అంటే మూడు వందల చుట్లు, ఐదు కిలోమీటర్ల పైచిలుకే. పది కిలోల నువ్వులకు నాలుగు కిలోల దాకా నూనె. మిగిలిన తెలకపిండి మునగాకుతో కలిపి బాలింతలకు వండిపెట్టేవారు, ఎద్దుకూ అందులో వాటా ఉండేది. 1930లలో మహారాష్ట్ర వైపు వార్ధాలో గాంధీజీ మనుషులు కూర్చుని గానుగను బాగుచేశారు, ‘వార్ధా గానుగ’ అని దానికి పేరు. పనికిమాలిన తిరుగుడైతే వాళ్లకేం పట్టింది?

ఊళ్లో ‘గానుగెద్దు బతుకు’ అంటే తెరిపి లేని బతుకు, రోజూ అదే చుట్టు. నూనె రాలేదని ఎవరూ అనరు. వచ్చిన నూనె తన గిన్నెలో పడలేదని బాధ.

మా ఇంట్లో రెండెద్దులుండేవి. ఒక వాయి దిగాక గంతలు విప్పి రెండోదానికి కట్టేవారు. మొదటిది చింతచెట్టు కింద పడుకుని నెమరేసుకునేది. మా అమ్మ నాలుగింటికి లేచేది. కళ్లాపి, పశువులు, పొయ్యి, పొలం, మళ్లీ పొయ్యి, రాత్రి అంట్లు. గానుగెద్దులా తిరుగుతున్నావే అని ఎవరో పేరంటాలు అంటే అమ్మ అన్న మాట నాకు అలాగే గుర్తు: ‘దానికైతే ఇంకో ఎద్దుందమ్మా.’

నేను ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాను. బొబ్బిలి, విజయనగరం, మళ్లీ బొబ్బిలి. డబుల్ డ్యూటీ పడిన రోజు డ్రైవరూ నేనూ ఒకరినొకరం గానుగెద్దా అని పిలుచుకునేవాళ్లం. ఫలితం లేదని కాదు, జీతం ఒకటో తారీఖుకి వచ్చేది.

వచ్చే వారం సవరణ వేస్తే సంతోషం. ఫొటో కూడా మార్చండి. ఈ మధ్య విశాఖలో ‘ఎద్దు గానుగ నూనె’ అన్న బోర్డు చూసి ఆశగా లోపలికెళితే మోటారు తిరుగుతోంది, కాబట్టి అక్కడికి మాత్రం మీ ఫొటోగ్రాఫర్‌ని పంపకండి. మా ఊరొస్తే తాత రోలు చూపిస్తాను. ఇప్పుడది పెరట్లో బాతుల నీళ్ల తొట్టి. ముందురోజు చెబితే కడిగి ఉంచుతాను.

— ఒక విశ్రాంత కండక్టర్, బొబ్బిలి