బావా, ఆ డిస్కు ఫార్మాట్ కొట్టించకు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

పొద్దున ఫోన్లో నువ్వు "ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు పోయిందిరా, కొత్తవేవీ ఎక్కట్లేదు, రేపు షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించేస్తా" అన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫార్మాట్ కొడితే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి, మీ నాన్నగారి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి కదరా! ముందు ఇది చదువు, తర్వాతే షాపు సంగతి.

నాకూ పోయిన నెల ఇదే టెన్షన్. చెల్లి పెళ్లి వీడియో మొత్తం ఒకటే ఫైలు, 11 జీబీ. అందులో మా మామ్మ అరుగు మీద కూర్చుని, నౌపడలో నేరో గేజ్ బండి ఎక్కి ఈ ఊరికి కాపురానికి వచ్చిన రోజు గురించి చెబుతుంది. మామ్మ ఇప్పుడు లేదు, ఆ గొంతు ఇంకెక్కడా లేదు. డిస్కులో చూస్తే 300 జీబీ ఖాళీ, పేస్ట్ కొడితే మాత్రం ఫైలు మరీ పెద్దదని మెసేజ్. షాపులో అడిగితే కేబుల్ కూడా పెట్టి చూడకుండా ఫార్మాటే అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి ఒక చిన్న ఫోటో వేసి చూశాను. ఎక్కింది! అంటే డిస్కు బాగానే ఉంది. రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ (డిస్కు ఫైళ్లను దాచుకునే పద్ధతి) దగ్గర ఫ్యాట్32 అని ఉంది. అది 1996 నాటి పద్ధతి, ఎంత ఖాళీ ఉన్నా ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. నేను ఫోటోలన్నీ లాప్‌టాప్‌లోకి దించుకుని, కమాండ్ ప్రాంప్ట్‌ని (ఆదేశాలు టైపు చేసే విండో) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, కన్వర్ట్ కమాండ్‌తో దాన్ని ఫార్మాట్ లేకుండానే, ఆ 4 జీబీ హద్దు లేని ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ పద్ధతిలోకి మార్చాను. మధ్యలో డిస్కు పేరు అడిగింది. ఏదో కొడితే తప్పంది, మళ్లీ కొడితే మళ్లీ తప్పంది, చెమట పట్టేసింది. దిస్ పీసీలో డిస్కు బొమ్మ పక్కన ఉన్న పేరే అదని తట్టి, ఉన్నది ఉన్నట్టు కొట్టాక కదిలింది. ఒక్క ఫోటో పోలేదు, మామ్మ వీడియో ఎక్కింది.

నీది వేరే కథ అనిపిస్తోంది. చిన్న ఫోటో కూడా ఎక్కట్లేదన్నావు, పైగా పెడుతున్నది పాప మ్యాక్‌బుక్‌కి. నీ డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్ అయ్యుంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుని మ్యాక్ చదువుతుంది గానీ దానంతట అది అందులో రాయదు. విండోస్ లాప్‌టాప్‌కి పెట్టి చూడు, ఎక్కితే కారణం అదే. రెండింట్లోనూ వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలోకి మార్చుకోవాలి, దానికి ఫార్మాట్ తప్పదు, కానీ ఉన్నవన్నీ వేరేచోటికి దించాకే. విండోస్‌లో కూడా ఎక్కకపోతే, లోపల టక్ టక్ మని చప్పుడు వస్తోందేమో చెవి పెట్టి విను. వస్తే వెంటనే తీసి పక్కన పెట్టెయ్, ఇంకోసారి పెట్టి చూడకు, అది రికవరీ చేసేవాళ్ల పని.

చప్పుడు లేకపోతే శనివారం గుణుపురం బండెక్కి వచ్చెయ్, ముందు నాన్నగారి ఫోటోలు మా లాప్‌టాప్‌లోకి దించేద్దాం. ఆ వెడల్పు పిన్ను కేబుల్ మాత్రం మర్చిపోకు, నా దగ్గర ఆ రకం లేదు.

నీ
బావ