లీజు–కొనుగోలు పోలిక పత్రంలో అసలు లెక్కలు చూపకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజరు గారికి,
వాహన విక్రయాలు, లీజుల విభాగం.

విషయం: ఏడు సీట్ల కుటుంబ వాహనం కోసం మీ షోరూంలో ఇచ్చిన లీజు–కొనుగోలు పోలిక పత్రం అసంపూర్ణంగా, తప్పుదోవ పట్టించేలా ఉండడం, సవరించిన పత్రం, బుకింగ్ అడ్వాన్సు వాపసు కోరడం గురించి.

ఆర్యా,

మా అమ్మానాన్నలు, మేమిద్దరం, ముగ్గురు పిల్లలు కలిసి ప్రయాణించడానికి వీలైన పెద్ద వాహనం కోసం మీ షోరూంకు వచ్చాం. ఏ మోడల్ కావాలో ముందే నిర్ణయించుకున్నాం కాబట్టి మేము అడిగింది ఒక్కటే: దీన్ని లీజుకు తీసుకోవడం మేలా, అప్పు చేసి కొనుక్కోవడం మేలా? దానికి జవాబుగా మీ సేల్స్ ఎగ్జిక్యూటివ్ ఒక పేజీ పత్రం చేతికిచ్చారు. అందులో ఎడమవైపు లీజు నెలసరి వాయిదా, కుడివైపు లోను ఈఎంఐ ఉన్నాయి. రెంటికీ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, కింద ‘నెలనెలా ఆదా’ అని రాసి, లీజు వాయిదా సుమారు 15 శాతం తక్కువ కనుక లీజే లాభమని తేల్చి చెప్పారు. ఆ మాట మీద బుకింగ్ అడ్వాన్సు చెల్లించాం. ఆ తర్వాత మీరు పంపిన ఒప్పందం నమూనాను మొదటి నుంచి చివరి దాకా చదివినప్పుడు, పోలిక పత్రంలో చూపిన తేడా నిజానికి లేదని తెలిసింది.

మీ ఒప్పందంలోని శాతాలతోనే, వాహనం ధరను 100గా తీసుకుని లెక్క చూపుతాను. మూడేళ్ల లీజు ముగిసేనాటికి వాహనానికి మిగిలే విలువను, అంటే రెసిడ్యువల్ వాల్యూను, మీరు 55గా రాశారు. మిగతా 45 తరుగుదల. దాన్ని 36 నెలలకు పంచితే నెలకు 1.25 అవుతుంది. దీనికి వడ్డీ భాగంగా, వాహనం ధరను, మిగులు విలువను కలిపి (100 + 55) వడ్డీ శాతానికి బదులుగా మీరు రాసిన ‘ఫ్యాక్టర్’ 0.0025తో గుణించగా వచ్చిన 0.39 చేర్చారు (ఇది ఏడాదికి 6 శాతం వడ్డీకి సమానం, ఎలాగో కింద చెప్పాను). మొత్తం వాయిదా సుమారు 1.64, మూడేళ్లకు దాదాపు 59. అదే ధరకు 6 శాతం వార్షిక వడ్డీతో అయిదేళ్ల లోను తీసుకుంటే ఈఎంఐ 1.93 అవుతుంది, మూడేళ్లలో చెల్లించేది 69.6. మీ పత్రం ఇక్కడితో ఆగిపోయింది.

కానీ మూడేళ్లు గడిచాక లీజుదారుడు తాళాలు అప్పగించి ఖాళీ చేతులతో వస్తాడు, కొన్నవాడి ఇంటిముందు వాహనం ఉంటుంది. ఆనాటికి లోనులో మిగిలిన అసలు సుమారు 43.6. మీరే వేసిన అంచనా ప్రకారం వాహనం 55కు అమ్ముడుపోతే, లోను తీర్చగా 11.4 చేతికి వస్తుంది. 69.6లోంచి దాన్ని తీసేస్తే కొన్నవాడికి పడిన అసలు ఖర్చు 58.2 మాత్రమే. అంటే 15 శాతం ఆదా అని మీరు ఎర్ర సున్నాలు చుట్టిన చోట, ఒకే వడ్డీకి, ఒకే కాలానికి, రెండు దారుల ఖర్చూ ఇంచుమించు సమానం. ఇక లీజుకు వర్తించే ప్రాసెసింగ్ ఫీజు, వాహనం తిరిగి ఇచ్చేటప్పుడు కట్టవలసిన రుసుము ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు.

లీజు చెడ్డదని నేను అనడం లేదు. మూడేళ్ల తర్వాత మార్కెట్లో ఆ వాహనం 55 పలకకుండా 45కే పడిపోతే, కొన్నవాడి ఖర్చు 68 దాటుతుంది. లీజుదారుడికి మాత్రం 59 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే మీ ఒప్పందం ప్రకారం విలువ పడిపోయిన నష్టాన్ని మీ కంపెనీయే భరించాలి. లీజులో ఉన్న అసలైన ప్రయోజనం ఇదే. మూడు నాలుగేళ్లకోసారి వాహనం మార్చేవారికి, రీసేల్ బేరాల జోలికి పోదలచుకోనివారికి ఇది నిజంగా విలువైనది. విచారకరమైన విషయం ఏమిటంటే మీ పత్రం ఈ నిజమైన లాభాన్నీ చెప్పలేదు. కేవలం చిన్న వాయిదాను చూపించి సరిపెట్టింది.

పైగా, వాహనాన్ని కనీసం ఎనిమిదేళ్లు వాడుకుంటామని మొదటి మాటల్లోనే చెప్పాం. అలాంటి కుటుంబానికి మూడేళ్ల పోలిక సరిపోదు. అయిదేళ్లకు లోను తీరిపోతే ఆరో ఏడు నుంచి ఈఎంఐ ఉండదు. లీజు మీద లీజు తీసుకునేవారికి వాయిదాలు ఎప్పటికీ ఆగవు, పైగా ప్రతిసారీ కొత్త వాహనానికి తొలి ఏళ్లలో పడే భారీ తరుగుదలనే మళ్లీ మోయాలి. మరోవైపు వారంటీ ముగిశాక మరమ్మతులు, టైర్లు, బ్రేకులు, బ్యాటరీ ఖర్చులన్నీ కొన్నవాడి మీదే పడతాయి. బరువైన వాహనానికి అవి చిన్నవి కావు. ఈ రెండు వైపులనూ ఒకే కాగితం మీద ఎనిమిదేళ్లకు లెక్కించి చూపించి ఉంటే మా ప్రశ్నకు జవాబు దొరికేది.

వడ్డీ విషయంలో జరిగింది మరింత అభ్యంతరకరం. లోను వైపు ‘6 శాతం’ అని పెద్ద అక్షరాలతో ఉంది. లీజు వైపు వడ్డీ అనే మాటే లేదు, ‘ఫ్యాక్టర్ 0.0025’ అని ఉంది. ఇది ఏమిటని అడిగితే ‘అది వడ్డీ కాదండీ, చాలా చిన్న అంకె, పట్టించుకోనక్కరలేదు’ అని సమాధానం వచ్చింది. ఆ అంకెను 2400తో గుణిస్తే వార్షిక వడ్డీ శాతం వస్తుంది, 0.0025 అంటే సరిగ్గా 6 శాతమే. నెలను ఏడాదిగా మార్చడానికి 12, శాతంగా మార్చడానికి 100, ధర–మిగులు విలువల మొత్తాన్ని సగటుగా మార్చడానికి 2: ఈ మూడింటి లబ్ధమే ఆ 2400. లీజులు అమ్మే ఉద్యోగికి ఇది తెలియకపోతే మీరు శిక్షణ ఇవ్వలేదని అర్థం. తెలిసీ అలా చెప్పి ఉంటే అది మోసపూరితమైన అమ్మకం. ఈ రెంటిలో ఏది జరిగిందో నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి.

దూరం పరిమితి గురించి షోరూంలో ఎవరూ నోరు విప్పలేదు. ఒప్పందంలో ఏడాదికి 15,000 కిలోమీటర్లు అని, మించితే కిలోమీటరుకు ఇంత చొప్పున అదనపు రుసుము అని ఉంది. పిల్లల బడి, పెద్దల ఆసుపత్రి, సెలవుల్లో ఊళ్లు అన్నింటికీ ఒకే వాహనాన్ని నమ్ముకున్న కుటుంబం ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరగడం వింత కాదు. మా అవసరాలను బట్టి మేము చెప్పిన అంచనా కూడా అదే. ఆ లెక్కన మూడేళ్లకు 15,000 కిలోమీటర్ల అదనపు రుసుమును చివర్లో ఒక్కసారిగా కట్టవలసి వస్తుంది. తక్కువ తిరిగితే మాత్రం పైసా వెనక్కి రాదు. వాడకం ఎంత అని మమ్మల్ని అడిగి, ఫారంలో రాసుకుని కూడా, దానికి తగిన పరిమితితో కొటేషన్ ఇవ్వకపోవడాన్ని మరుపు అని సరిపెట్టుకోవడం నాకు కష్టంగా ఉంది.

వాహనం తిరిగి ఇచ్చేటప్పుడు జరిగే తనిఖీ మరొక సమస్య. ‘మామూలు అరుగుదలకు మించిన నష్టానికి లీజుదారుడు చెల్లించాలి’ అని ఒప్పందంలో ఉంది కానీ, మామూలు అరుగుదల అంటే ఏమిటో ఎక్కడా లేదు. ముగ్గురు పిల్లలున్న వాహనంలో ఏమి జరుగుతుందో మీకు తెలియనిది కాదు. చైల్డ్ సీటు బిగించిన చోట సీటు మీద శాశ్వతంగా గుంట పడుతుంది. పిల్లల బండిని ఎత్తి పెట్టిన ప్రతిసారీ డిక్కీ అంచు మీద గీత పడుతుంది. మూడో వరుసలోకి ఎక్కేటప్పుడు బూట్లు తగిలి తలుపు లోపలి ప్లాస్టిక్ తెల్లగా గీసుకుపోతుంది. వీటిలో ఏవి మామూలు, ఏవి నష్టం? గీత ఎంత పొడవుంటే, సొట్ట ఎంత వెడల్పుంటే డబ్బు కట్టాలో కొలతలతో సహా ముందే చెప్పకపోతే, మూడేళ్ల తర్వాత మీ తనిఖీదారు చెప్పిందే వేదమవుతుంది. సొంత వాహనంలో అవే గీతలతో ఏళ్ల తరబడి నిశ్చింతగా తిరగవచ్చు. వెనుక ట్రైలరు హుక్కు, పైన సామాన్ల క్యారియరు బిగించుకోవాలన్నా లీజు వాహనానికి మీ అనుమతి కావాలన్న షరతు కూడా ఒప్పందం చదివితేనే తెలిసింది.

ఇంకా కొన్ని విషయాలు సూటిగా అడుగుతున్నాను. గడువుకు ముందే లీజు వదులుకుంటే ఎంత కట్టాలో లెక్కించే సూత్రం ఒప్పందంలో లేదు; అడిగితే ‘అప్పటికి చూసుకుందాం’ అన్నారు. మొదట్లో కట్టే పెద్ద మొత్తం వాయిదాను తగ్గిస్తుందని గట్టిగా చెప్పారు కానీ, వాహనం దొంగతనానికి గురైనా, ప్రమాదంలో పూర్తిగా దెబ్బతిన్నా బీమా సొమ్ము యజమాని అయిన మీకే అందుతుందని, మేము ముందుగా కట్టినది తిరిగి రాకపోవచ్చని చెప్పలేదు. బీమా ఇచ్చేదానికి, లీజు కింద బాకీ ఉన్నదానికి మధ్య తేడా వస్తే దాన్ని భరించే గ్యాప్ బీమా ఇందులో ఉందో లేదో తెలియదు. గడువు ముగిశాక వాహనాన్ని మేమే కొనుక్కునే హక్కు ఉందా అన్నదీ అస్పష్టమే. 2021, 2022 సంవత్సరాల్లో చిప్‌ల కొరత వల్ల కొత్త వాహనాల ఉత్పత్తి తగ్గి పలు దేశాల్లో పాత వాహనాల ధరలు బాగా పెరిగినప్పుడు, ముందే రాసుకున్న ధరకు కొనే హక్కు ఉన్న లీజుదారులకు అది మేలు చేసింది. మా ఒప్పందంలో ఆ హక్కు లేకపోతే, ధర పెరిగినప్పుడు లాభమంతా కంపెనీదే అవుతుంది.

కాబట్టి ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా సవరించిన పోలిక పత్రాన్ని మీ అధీకృత సంతకంతో పంపాలి. అందులో లీజు వడ్డీని వార్షిక శాతంగా, ఏడాదికి 20,000 కిలోమీటర్ల పరిమితితో, అన్ని ఫీజులనూ కలుపుకుని, మూడేళ్లకు, ఎనిమిదేళ్లకు విడివిడిగా మొత్తం ఖర్చును, చివర్లో వాహనం విలువను మినహాయించి చూపాలి. దానితోపాటు అరుగుదల కొలతల పట్టిక, ముందస్తు రద్దు సూత్రం, కొనుగోలు హక్కుపై స్పష్టమైన నిబంధన జతచేయాలి. మేము ఒప్పందంపై సంతకం చేయలేదు, వాహనం మాకు కేటాయించనూ లేదు. అసంపూర్ణ సమాచారం ఆధారంగా తీసుకున్న బుకింగ్ అడ్వాన్సును కోత లేకుండా తిరిగి చెల్లించాలి. సవరించిన పత్రం చూశాక మీ వద్దే కొనాలా, లీజుకు తీసుకోవాలా అన్నది మేము నిర్ణయించుకుంటాం. ఈలోగా త్వరపడమని ఒత్తిడి చేసే ఫోన్లు ఆపించండి. గడువులోగా సమాధానం రాకపోతే పోలిక పత్రం, ఒప్పందం నమూనా, అడ్వాన్సు రసీదు జతచేసి వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే అధికారులకు ఈ లేఖ ప్రతిని పంపుతాను.

వీటి నకళ్లు ఇందుతో జతపరిచాను. నా వివరాలు బుకింగ్ పత్రంలో ఉన్నవే.

ఇట్లు,
మీ వినియోగదారు
(సంతకం)