ఒకటో తరగతికి నాలుగు వారాల గడువివ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

బడి తెరిచిన మొదటి వారంలోనే ఒకటో తరగతి పిల్లలకు బేస్‌లైన్ పరీక్ష (బడికి వచ్చేసరికి వాళ్లకు ఏమేం వచ్చో చూసే పరీక్ష) పెట్టి, మార్కులు యాప్‌లో ఎక్కించమంటున్నారు. పరీక్షే వద్దని మేం అనడం లేదు. ఐదో వారంలో పెట్టమంటున్నాం.

లెక్క చూడండి. ఆరేళ్ల పిల్లలు ప్రశ్నపత్రం చదవలేరు, పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడగాలి. మనిషికి 8 నిమిషాల చొప్పున 30 మందికి 4 గంటలు. ఆ 4 గంటలూ మిగతా 29 మందిని ఎవరు చూడాలి? టీచర్ చెప్పకుండా తమంతట తాము చేసుకునే పని వాళ్లకింకా ఒక్కటీ రాదు. ఒకరు గుమ్మం దాటతారు, ఇద్దరు కొట్టుకుంటారు, టీచర్ హడావిడిగా గడులు నింపేస్తారు. కొత్త మనిషి ముందు నోరు విప్పని పిల్లకీ, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లవాడికీ సున్నా పడుతుంది. ఆ సున్నా ఏడాది పొడవునా వాళ్ల పేరు పక్కనే ఉంటుంది.

‘నాలుగు వారాలు ఏం చేస్తారు?’ అని అధికారులు అడుగుతుంటారు. బ్యాగు కొక్కేనికి తగిలించడం లాంటి చిన్న పనులు కూడా చెప్పినంత మాత్రాన రావు. టీచర్ మాట్లాడకుండా ఒకసారి చేసి చూపాలి. ఇద్దరు పిల్లలతో చేయించి, వాళ్లేం చేశారో మిగతావారిని అడగాలి. ఆ తర్వాత నలుగురేసి అందరూ చేయాలి. ఇలాంటివి రోజుకు ఒకటి, మహా అయితే రెండు. మూడోది చేర్చామా, మొదటిది మరిచిపోతారు.

అన్నిటికన్నా ముందు నేర్పాల్సింది బాత్రూమ్ సంగతి. ఎలా అడగాలి, మాట రాకపోతే ఏ సైగ చేయాలి, తలుపు గడియ ఎటు లాగాలి, చేతులు ఎక్కడ కడుక్కోవాలి అన్నీ అక్కడికి తీసుకెళ్లి చూపించాలి. గడియ రాక ఒకసారి లోపల చిక్కుకున్న పిల్ల మళ్లీ అటు వెళ్లదు. బిగబట్టుకుని కూర్చుంటుంది, మధ్యాహ్నానికి బట్టలు తడుస్తాయి, మర్నాడు బడికి రానంటుంది. హాజరు పట్టికలో మాత్రం ‘గైర్హాజరు’ అనే ఉంటుంది. (గడియలు పిల్లల చేతికందే ఎత్తులో బిగించమని ఇంజనీర్లకు ఒక్క మాట చెప్పండి.)

రాత కూడా అంతే. మణికట్టులోని 8 చిన్న ఎముకల్లో చివరిది ఎముకగా గట్టిపడడం మొదలయ్యేసరికి చాలామందికి 8 ఏళ్లు దాటుతాయి. మొదటి వారమే పేజీలకు పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పెట్టి పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటారు. ఆ పట్టు అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టం. అందుకే ముందు మట్టి పిసికించాలి, కాగితాలు చింపించాలి, పొట్టి క్రేయాన్ ముక్కలతో గీయించాలి. పొడుగు పెన్సిల్‌ను గుప్పిట్లో పట్టుకోవచ్చు గానీ, పొట్టి ముక్కను వేళ్ల కొసలతోనే పట్టుకోవాలి.

మూడో వారంలో నేర్చినవన్నీ మరిచిపోయినట్టు కనబడతారు. కొత్త తీరి, టీచర్ ఎంతవరకు ఊరుకుంటారో చూస్తుంటారన్నమాట. అప్పుడు కేకలేస్తే లాభం లేదు, మొదటి రోజులాగే మళ్లీ చేసి చూపాలి. తనిఖీలు సరిగ్గా ఆ వారమే వచ్చి ‘తరగతి అదుపులో లేదు’ అని రాసి వెళ్తాయి.

కాబట్టి మూడు ఉత్తర్వులు ఇప్పించండి. బేస్‌లైన్ పరీక్ష ఐదో వారంలో, రోజుకు ఐదారుగురికి మించకుండా జరగాలి. మొదటి నెలలో ఒకటో తరగతి టీచర్‌కు వేరే విధులు గానీ బదిలీ గానీ ఉండకూడదు, ఎందుకంటే మనిషి మారితే పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. పీరియడ్ ఎంత పొడుగున్నా, 10–15 నిమిషాలకోసారి పని మార్చే స్వేచ్ఛ టీచర్‌కు ఉండాలి. ఈ ఉత్తర్వులు బడి తెరవడానికి రెండు వారాల ముందే అందేలా చూడండి. తెరిచాక వస్తే ఆ ఏటికి అక్కరకు రావు.

ఇట్లు,
ఒకటో తరగతి ఉపాధ్యాయులు