ఫిల్ముకు చెప్పారు, తల్లులకు చెప్పలేదు

సంపాదకుల వారికి,

ఆగస్టు 6న మీరు వేసిన హిరోషిమా ప్రత్యేక పేజీ చదివాను. బాగుంది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. అణుబాంబుకు తొలి బాధితులు హిరోషిమా వాసులని రాశారు. అంతకు సరిగ్గా మూడు వారాల ముందు, 1945 జులై 16 తెల్లవారుజామున, అమెరికాలోనే న్యూమెక్సికో ఎడారిలో తొలి బాంబు పేల్చి చూశారు. ట్రినిటీ పరీక్ష అంటారు దాన్ని. ఎడారి అనగానే మనుషులుండరనుకుంటాం. చుట్టుపక్కల ఊళ్లున్నాయి, పశువుల దొడ్లున్నాయి. ఇంటికప్పు మీద పడ్డ వాననీళ్లు తొట్లలో పట్టుకుని తాగేవాళ్లున్నారు. వాళ్లను ఖాళీ చేయించలేదు, ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. పేలాక సైన్యం చెప్పింది ఒక్కటే: మందుగుండు నిల్వలు పేలాయని, ఎవరికీ ఏమీ కాలేదని.

ముప్పై ఏళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసినవాణ్ణి, అందుకే ఇందులో నా కళ్లు ఫిల్ము మీద పడ్డాయి. ఆ ఏడాదే కొడాక్ కంపెనీ ఎక్స్‌రే ఫిల్ము వాడకముందే ఫాగ్ అవుతోందని, అంటే మసకబారి పాడవుతోందని ఫిర్యాదులొచ్చాయి. అక్కడి శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆరా తీస్తే, లోపం ప్యాకింగు అట్టలో ఉందని తేలింది. ఆ అట్ట తయారైంది ఇండియానాలో, పేలుడు చోటికి 1,600 కిలోమీటర్లకు పైగా దూరంలో. గాలిలో కొట్టుకొచ్చిన అణుధూళి నదిలో కలిసి, ఆ నీళ్లతో అట్టలోకి చేరింది.

1951లో అమెరికాలోనే నెవాడా రాష్ట్రంలో అణుపరీక్షలు మొదలయ్యాక కొడాక్ ఉన్న రోచెస్టర్‌లో కురిసిన మంచులోనూ రేడియేషన్ కనిపించింది. కంపెనీ గట్టిగా నిలదీసింది. దాంతో అమెరికా అణుశక్తి కమిషన్ పరీక్షల సంగతి ఆ కంపెనీకి ముందే చెప్పడం మొదలుపెట్టింది. ఫిల్ము పాడవకూడదు కదా!

అదే ధూళి గడ్డి మీద పడింది. ఆ గడ్డి ఆవులు మేశాయి, ఆ పాలు పిల్లలు తాగారు. అందులోని రేడియోధార్మిక అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుంది. పొద్దున పితికిన పాలు అన్నాళ్లు ఎక్కడ ఆగుతాయి, సాయంత్రానికే గ్లాసులో ఉంటాయి. థైరాయిడ్ గ్రంథి దాన్ని మామూలు అయోడిన్‌లాగే పీల్చేసుకుంటుంది. కొన్ని వారాలు పాలపొడి వాడండమ్మా అని చెప్పి ఉంటే ఆ పిల్లలకు ఈ ముప్పు చాలావరకు తప్పేది.

ఎక్స్‌రే గదిలో మాకు ఛాతీ మీద రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉండేది. మూడు నెలలకోసారి పంపితే ఎంత డోసు పడిందో రాసి పంపేవారు. ఆ కాగితం ఆలస్యమైతేనే టెన్షన్ పడేవాళ్లం. న్యూమెక్సికో పల్లెల వాళ్లకు ఏ కాగితమూ రాలేదు. 1990లో చేసిన పరిహార చట్టం నెవాడా గాలి సోకిన ప్రాంతాల క్యాన్సర్ రోగులకు 50,000 డాలర్లు ఇచ్చింది కానీ, ట్రినిటీ పక్క ఊళ్లను వదిలేసింది. 2025 జులైలో గానీ వాళ్లను చేర్చి, పరిహారాన్ని లక్ష డాలర్లు చేయలేదు. 1945లో ఆ పాలు తాగిన పసివాడు బతికుంటే అప్పటికి ఎనభై ఏళ్ల ముసలాడు.

వచ్చే ఏడు ఆ వాక్యం సరిదిద్దండి. వీలైతే జులై 16న కూడా ఒక పేజీ వేయండి.

– రిటైర్డ్ ఎక్స్‌రే టెక్నీషియన్, తెనాలి