సీమ యాసకీ ఒక మైకు ఇయ్యండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ర్యాప్ మీద వచ్చిన వ్యాసం, దానిమీద తర్వాత వచ్చిన ఉత్తరాలు అన్నీ చదివినా. శానామంది ఒకే మాట రాసినారు, ర్యాప్‌లోకి గిటారు, భజన, జాజ్ ఏది దొరికితే అది కలిపే గ్రూపులు ఒక సీజన్ ఆడి పోతాయి, నిలబడవు అని. నాకు ఆ మాట అస్సలు ఒప్పుకోబుద్ధి కాలేదు, అందుకే రాస్తాండా. మాది అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర మొబైల్ షాపు, సాయంత్రమైతే ఇంజనీరింగ్ పిల్లోళ్లు చేరతారు, వాళ్లలో ఔట్‌కాస్ట్ అనే ర్యాప్ గ్రూపు గురించి వాదన మొదలైందంటే షట్టర్ దించేదాకా తెగదు.

తెలీనోళ్ల కోసం చెప్తాండా, ఔట్‌కాస్ట్ అంటే ఇద్దరే, ఆండ్రే 3000, బిగ్ బోయ్. అమెరికా దక్షిణాదిలో ఉండే అట్లాంటా ఊరోళ్లు, హైస్కూల్లో చదివేటప్పుడే జత కలిసినారు. వాళ్లకి మ్యూజిక్ చేసిన ఆర్గనైజ్డ్ నాయిజ్ టీమ్‌కి స్టూడియో అంటే ఏందనుకున్నారు, రికో వేడ్ అనే ఆయన వాళ్లమ్మ ఇంటికింద ఉండే సెల్లారు, కింద మట్టినేల. 1994లో మొదటి ఆల్బమ్ వచ్చింది. అప్పట్లో ర్యాప్ అంటే న్యూయార్క్, కాదంటే లాస్ ఏంజెలెస్, దక్షిణాది వాడు నోరు తెరిస్తే పల్లెటూరోడికి ఏం తెలుసు అన్నట్టు చూసేవాళ్లు. 1995లో న్యూయార్క్‌లో, సోర్స్ అనే ర్యాప్ పత్రిక ఇచ్చే అవార్డుల్లో వీళ్లకి కొత్త గ్రూపు అవార్డు ఇస్తే హాల్లో జనం బూ అని అరిచినారు. ఆండ్రే ఆ అరుపుల్లోనే మైకు పట్టుకుని, సౌత్ వాళ్లకీ చెప్పాల్సింది ఉంది అన్నాడు. ఆ మాట వింటే మా పిల్లోళ్లకి ఒళ్లు ఎందుకు జలదరిస్తుందో వేరే చెప్పాల్నా? మన యాస సినిమాలో వినపడిందంటే ఆ మనిషి చేతిలో కత్తో బాంబో ఉండాల్సిందే, ఇన్నేళ్లూ అదే గదా.

ఇంక వాదన సంగతి. ఒకడేమో మొదటి మూడు ఆల్బమ్‌లే అసలైన ర్యాప్, 2003లో డబుల్ ఆల్బమ్‌తో అమ్మకాల కోసం పాప్ పాటల్లోకి పోయినారు అంటాడు. ఇంకొకడు అదే ఆల్బమ్‌కి 2004లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చినారు గదా, హే యా పాట 9 వారాలు అమెరికా పాటల లిస్టు బిల్‌బోర్డ్‌లో నంబర్ వన్ ఉండింది గదా అని ఎదురు తగులుకుంటాడు. నా లెక్క ప్రకారం ఇద్దరిదీ తప్పే. కలపడం అనేది 2003లో మొదలైంది కాదు. 1998లో వచ్చిన ఆక్వెమినై ఆల్బమ్ పేరే బిగ్ బోయ్ కుంభరాశి (అక్వేరియస్), ఆండ్రే మిథునరాశి (జెమినై) కలిపి పెట్టింది, అందులో రోజా పార్క్స్ పాట మధ్యలో ర్యాప్ ఆగిపోయి మౌతార్గాన్ అందుకుంటుంది, వాయించింది ఎవరంటే ఆండ్రే సవతి తండ్రి, ఆయన చర్చి పాస్టరు. 2000లో స్టాంకోనియా ఆల్బమ్‌లో బి.ఓ.బి. పాట వినండి, ఊపిరి తిప్పుకోనీయని డ్రమ్స్, దాంతోబాటు పరిగెత్తే ర్యాప్, మధ్యలో రాక్ గిటారు, చర్చిలో పాడే కోరస్, అన్నీ ఒకే పాటలో. ఇన్ని మారినా మారనిది ఒకటుంది, వాళ్ల నోట్లో అట్లాంటా యాస. న్యూయార్క్ వాళ్లకి అర్థం కావాలని ఒక్క మాట దిద్దుకోలేదు. ఏం కలిపినా అది వాళ్ల ఇంటిది లాగానే వినపడేది అందుకే అని నేను గట్టిగా నమ్ముతా.

ఇందులో బిగ్ బోయ్‌కి రావాల్సిన పేరు రాలేదని నాకు నిజంగా బాధ. అందరూ ఆండ్రే ఆండ్రే అంటారు, ఆయన గొప్పోడే, కాదనను, 2023లో ర్యాప్ ఒక్క ముక్క లేకుండా ఫ్లూట్ ఆల్బమ్ చేసే ధైర్యం ఎవరికుంది. అయితే ఆయన యాడికి ఎగిరిపోయినా పాటని మళ్లీ బీట్ మీదికి, వీధిలోకి దించేది బిగ్ బోయ్ గొంతే.

2006 తర్వాత కొత్త ఆల్బమ్ లేదు, ఇంక నిలబడేది ఏముంది అని ఒకాయన మీకు ఉత్తరం రాసినారు. ఆయనకి నా సమాధానం ఇది. 2014లో ఇద్దరూ మళ్లీ కలిసి టూర్ చేస్తే ఫెస్టివల్స్‌లో పెద్ద స్టేజీలు వాళ్లవే. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఇవన్నీ పక్కనపెట్టినా, ఈపొద్దు ర్యాప్‌కి రాజధాని అంటే అట్లాంటా పేరే చెప్తారు, ఇప్పటి పెద్ద ర్యాపర్ ఫ్యూచర్ అనే ఆయన ఆ మట్టినేల సెల్లారు రికో వేడ్‌కి కజినే.

మనకి ఈ కలపడం కొత్తా చెప్పండి. మన పల్లెల్లో చెక్కభజన టీములు సినిమా పాట బాణీలో రాముని పాట కట్టి రాత్రంతా ఎగురుతారు, ఏ పెద్దాయనా అది భజన కాదు అనడు. మన జానపద వాద్యం ఉరుముల మోత వింటే గుండె అదురుతుంది, దానిమీద ర్యాప్ కట్టాలని తిరుగుతాండే పిల్లోడు మా షాపుకి వస్తాడు, వానల్లేని సేద్యం గురించి, బెంగళూరు బస్సెక్కే వాళ్ల గురించి రాసినాడు, వింటే మీరూ వదలరు. వాడు ఒక కాలేజీ ఫెస్ట్‌కి పోయి పేరిస్తే ఈ యాస వద్దు, మంచి తెలుగులో అయితే పాడు అన్నారంట. ఎంత అన్యాయం సార్ ఇది! సొంతూర్లో, సొంత జనం ముందర!

అందుకని అడుగుతాండా. లేపాక్షి ఉత్సవాలు పెట్టినప్పుడు (ఇప్పుడు సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ అది మనదే) సినిమా సింగర్లని పిలవండి, వద్దనలేదు, దాంతోబాటు ఇట్లాంటి పిల్లోళ్లకి ఒక అరగంట ఇయ్యండి, ఉరుముల కళాకారుల్ని పక్కన నిలబెట్టండి, వాళ్లకి డబ్బులు కూడా సరిగ్గా ఇయ్యండి. మా ఊరి లలిత కళా పరిషత్తులో నాటకాలు లేని సాయంత్రాలు ఉంటాయి గదా, నెలకి ఒకటి వీళ్లకి ఇస్తే ఏం పోతాది. కాలేజీల వాళ్లు కూడా ఆలోచించాల.

మీరు కూడా ర్యాప్ నిలబడుతుందా లేదా అని వాదన నడిపేదానికన్నా ఒకసారి మీ విలేకరిని మా షాపుకి పంపండి, ఏ సాయంత్రమైనా సరే. ఆ పిల్లోడి పాట రాసి ఇస్తాను, అచ్చు వేయండి. యాస మాత్రం దిద్దొద్దండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సప్తగిరి సర్కిల్, అనంతపురం