పదో తరగతి మెమో ముందు పెట్టుకో

చిరంజీవి నాయనకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

సైన్యంలో అగ్నివీర్‌గా చేరడానికి దరఖాస్తు నింపబోతున్నానని నీవు ఫోనులో చెప్పగానే నేను పరుగు సంగతి వదిలి పదో తరగతి మెమో అడిగినందుకు నవ్వావు. కారణం రాస్తున్నాను.

1994లో నేను భర్తీకి వెళ్లినప్పుడు ముందు మైదానం, ఆఖరున రాతపరీక్ష. రెండు రాత్రులు స్టేడియం గోడ వారన తువ్వాలు పరచుకొని పడుకుని, తెల్లవారుజామున గేటు దగ్గరి తోపులాటలో చెప్పులు పోగొట్టుకుని, ఉత్తకాళ్లతోనే పరుగు పూర్తిచేశాను. పరుగూ వైద్యపరీక్షా గట్టెక్కి, రాతపరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూసిన కుర్రాళ్ల భర్తీలు 2022 జూన్‌లో నాలుగేళ్ల కొలువు పథకమైన అగ్నిపథ్ రాకతో రద్దవడం నీకూ తెలుసు. 2023 నుంచి వరస మారింది: ముందు కంప్యూటర్ మీద పరీక్ష, నెగ్గినవారికే ర్యాలీ, ఆపైన వైద్యపరీక్ష. ఆ ఏప్రిల్‌లో మొదటి పరీక్ష దేశంలో 176 చోట్ల జరిగింది. 2025లో తెలుగులోనూ రాసే వీలు కలిగింది. వేలమంది ఊరికే రైళ్లెక్కి వచ్చి వెనుదిరిగే అవస్థ తగ్గింది కనుక ఇది మంచి మార్పే అంటాను.

నా భయమల్లా పేర్ల గురించి. మా కాలంలో తప్పు దొరికితే గుమాస్తా ఎర్రసిరాతో కొట్టేసి పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు. ఇప్పుడు దరఖాస్తు ఆధార్‌తో, సర్టిఫికెట్లు ఆన్‌లైనులో దాచే ప్రభుత్వ డిజిలాకర్‌తో ముడిపడి ఉంది. పెళ్లయ్యాక 2003లో మీ అమ్మ పేరు పార్ట్ టూ ఆర్డరులోకి, అంటే జవాను కుటుంబ వివరాలు నమోదుచేసే సైన్యపు ఉత్తర్వులోకి, ఎక్కించినప్పుడు, లక్ష్మి అన్న పేరును ఎవరో ఇంగ్లీషులో ఎక్స్ అక్షరంతో రాశారు. ఆధార్‌లో అది కె, ఎస్, హెచ్‌లతో ఉంది. పంతొమ్మిదేళ్లు ఎవరి కంటా పడని ఆ తేడా, నా పెన్షను రికార్డు ఆన్‌లైనుకు మారగానే బయటపడి, నన్ను ఏడు నెలలు తిప్పింది. కాగితం మీద చూసీచూడనట్టు పోయిన తప్పు తెర మీద ఎర్రగా వెలుగుతుంది.

నీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంది. మెమో మార్చడం పెద్ద తతంగం కనుక, దానికి అనుగుణంగా ఆధార్‌నే సవరించుకో. నా పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ కూడా అక్షరం అక్షరం పోల్చి చూడు. దరఖాస్తు రుసుము 250 రూపాయలు పంపాను. ఆధార్‌కు ఉన్నది నా నంబరే కాబట్టి ఓటీపీ నాకే వస్తుంది. పొలం దగ్గర సిగ్నల్ అందదు, రాత్రి ఎనిమిది దాటాక కూర్చో.

ఇట్లు,
మీ నాన్న